చైనా పదాల పుస్తకంలో మొదటి క్రియ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

చైనాలో మీ ఈడు పిల్లలు ఇంగ్లీషు ఎలా నేర్చుకుంటారని అడిగారు కదా. అక్కడ 2001 నుంచి చాలా బడుల్లో మూడో తరగతిలోనే మొదలుపెడుతున్నారు. కాలేజీకొచ్చాక నాలుగో లెవెల్ పరీక్ష ఒకటుంది, 1987లో మొదలైంది. దానికోసం బట్టీపట్టే పుస్తకాల్లో పదాలు అక్షరక్రమంలో ఉంటే మొదటి పేజీలోనే ఎదురయ్యే క్రియ ‘అబాండన్’. అది చదివి, పుస్తకాన్నే అబాండన్ చేశామని కుర్రాళ్లు నవ్వుకుంటారు. ఆ మాటను అలా దాటిపోతే నాకు బాధే.

పక్కన చైనీస్ అర్థం ‘ఫాంగ్‌ఛీ’ అని ఉంటుంది. వదులుకోవడమన్నమాట. చిక్కంతా అక్కడే. పరుగుపందెంలో వెనకబడ్డవాడితో ‘బ్యే ఫాంగ్‌ఛీ’ అంటారు, వదలొద్దని. దాన్నే ‘డోంట్ అబాండన్’ అంటే వాక్యం మధ్యలో తెగిపోతుంది. దేన్ని, ఎవర్ని అన్నది చెప్పి తీరాలి. అక్కడ ‘గివప్’ అనాలి. సిగరెట్ మానడానికీ గివప్పే. మనం మాత్రం సిగరెట్‌ని పరిత్యజించాడంటామా?

మునిగిపోతున్న ఓడలో కెప్టెన్ ఇచ్చే ఆజ్ఞ ‘అబాండన్ షిప్’. వాన తగ్గక ఇక ఆట లేదని తేల్చేస్తే ‘మ్యాచ్ అబాండన్డ్’ అని టీవీలో మీరూ చూసే ఉంటారు. ఈ మాట నప్పేది ఇలాంటిచోట.

మనుషుల దగ్గరకొచ్చేసరికి ఇందులో నింద చేరుతుంది. మనల్నే నమ్ముకున్నవాళ్లను దిక్కులేకుండా వదిలెళ్లడం. దానికి చైనీస్‌లో ‘పావ్‌ఛీ’, చట్టం భాషలో ‘యీఛీ’. మూడింటి చివరా ఒకటే అక్షరం, ఛీ. మూడువేల ఏళ్లనాడు ఎముకల మీద, తాబేటి చిప్పల మీద చెక్కిన దాని పాత రూపం చూడండి: పసిబిడ్డ, బుట్ట, కింద దాన్ని తోసేస్తున్న రెండు చేతులు. ఇప్పటి అక్షరంలో బుట్ట పోయింది, చేతులు మిగిలాయి. అబాండన్‌లోని బరువు ఆ పిల్లలకు తెలియాలంటే డిక్షనరీ కన్నా ఈ బొమ్మే మేలని నా నమ్మకం.

ఇంకొక్క వాడుక ఉంది. ‘విత్ అబాండన్’ అంటే వెనకాముందూ చూసుకోకుండా. ఒళ్లు మరిచి డాన్స్ చేసేవాళ్ల గురించి అలా రాస్తారు. వాళ్లు వదిలేసింది బిడియాన్ని. ఇక్కడ ఫాంగ్‌ఛీ అని అర్థం పెట్టుకుంటే డాన్స్ మానేశారేమో అనిపిస్తుంది. దీనికి చైనీస్‌లో సరిపోయే మాట ‘జిన్‌ఛింగ్’, తనివితీరా అని.

మీ తాతయ్య