యుద్ధకాలపు రవాణా విమానాలు, ప్రతికూల వాతావరణం: అపోహలు – వాస్తవాలు

విమానాలకు వాతావరణ సూచనలు తయారుచేసే ఉద్యోగంలోనే నా జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. విశాఖ బీచ్ రోడ్డులోని టీయూ-142 విమానాన్ని చూడటానికి వచ్చే బంధుమిత్రులతో మాట్లాడుతున్నప్పుడు, రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం నుంచి తూర్పు హిమాలయాల మీదుగా చైనాలోని కున్మింగ్‌కు సరుకులు చేరవేసిన ‘హంప్’ మార్గం గురించి నేను తరచూ చెబుతుంటాను. ఆ సందర్భాలలో మళ్లీ మళ్లీ వినిపించిన అభిప్రాయాలు ఇవి.

అపోహ: ఆ విమానాలలో అధికభాగాన్ని శత్రువులే కూల్చారు.

వాస్తవం: 1942 నుంచి 1945 వరకు ఆ దారిలో దాదాపు 600 విమానాలు నష్టమయ్యాయి, 1,300 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. జపాన్ యుద్ధవిమానాల దాడులు జరిగిన మాట నిజమే కాని, నష్టంలో పెద్ద వాటా వాతావరణానిది, కొండలది, యంత్రలోపాలది.

అపోహ: రెక్కలపై పేరుకున్న మంచు బరువుకే విమానం కూలిపోతుంది.

వాస్తవం: బరువు కన్నా ఆకృతి చెడిపోవడమే ఎక్కువ ప్రమాదకరం. సున్నా డిగ్రీల కన్నా చల్లబడినా ద్రవంగానే ఉండిపోయే నీటిబిందువులు మేఘాలలో ఉంటాయి. అవి రెక్క ముందంచును తాకగానే గడ్డకట్టి, గాలి సాఫీగా జారవలసిన తలాన్ని గరుకుగా మార్చివేయడంతో, మామూలుగా క్షేమమనిపించే వేగంలోనే రెక్క విమానాన్ని మోయలేకపోతుంది. ఆ మార్గంలో ఎగిరిన సి-47 రవాణా విమానం రెక్కలకు గాలితో ఉబ్బి మంచును పగలగొట్టే రబ్బరు తొడుగులు ఉండేవి గాని, మంచు వేగంగా పేరుకున్నప్పుడు అవి చాలేవి కావు. ఇంజన్‌కు ఇంధనాన్ని గాలితో కలిపి అందించే కార్బ్యురేటర్ సంగతి విశాఖ ఉక్కపోతలో పెరిగినవారికి మరీ వింతగా తోస్తుంది: ఇంధనం ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది కనుక, బయట 20 డిగ్రీలున్నా, గాలిలో తేమ మెండుగా ఉంటే, లోపల మంచు కట్టి ఇంజన్‌కు గాలి అందకుండా పోవచ్చు.

అపోహ: దారి తప్పడం, కొండను ఢీకొనడం పైలట్ల అజాగ్రత్తే.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. అనుభవం చాలని యువకులు చాలామంది ఆ మార్గంలో ఎగిరారు, నిజమే. కాని మేఘాలలో నేల కనిపించనప్పుడు, పక్కనుంచి వీచే బలమైన గాలి విమానాన్ని ఎంత దూరం నెట్టిందో తెలుసుకునే మార్గాలు వారికి బహు స్వల్పం. ఉరుముల మేఘాలు దగ్గరపడితే నేలపైని రేడియో స్టేషన్ వైపు చూపవలసిన రేడియో దిక్సూచి ముల్లు దాన్ని వదిలి మెరుపుల వైపు తిరిగేది. 1945 జనవరి 6-7 రాత్రి వచ్చిన తుఫానులో, ఆ ఒక్క రాత్రే అనేక విమానాలు పోయాయి.

ఎత్తును చూపే ఆల్టీమీటర్ కూడా మోసగించగలదు: అది నిజానికి కొలిచేది గాలి పీడనాన్నే, పీడనం తగ్గితే ఎత్తు పెరిగినట్లు చూపుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుఫాను కేంద్రంలో పీడనం సుమారు 950 హెక్టోపాస్కల్స్ అని అంచనా. సాధారణ పీడనానికి (సుమారు 1,013 హెక్టోపాస్కల్స్) సరిచేసిన పరికరం అక్కడ అసలు ఎత్తు కన్నా దాదాపు 500 మీటర్లు ఎక్కువ చూపుతుంది. మన విశాఖ తీరంలోని డాల్ఫిన్స్ నోస్ కొండ ఎత్తు అంతకన్నా తక్కువే.

అపోహ: శకలాలు దొరకలేదంటే ఏదో అంతుపట్టని రహస్యం ఉన్నట్లే.

వాస్తవం: అడవి, మంచు, సముద్రం విమానాన్ని ఏళ్ల తరబడి దాచగలవు. యుద్ధకాలానిది కాకపోయినా, విశాఖ మరువలేని ఉదాహరణ ఉంది. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరి గల్లంతైన వాయుసేన రవాణా విమానం ఏఎన్-32లోని 29 మందిలో ఎనిమిది మంది ఇక్కడి నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ఆ విమానానివిగా భావిస్తున్న శకలాలు బంగాళాఖాతంలో 3,400 మీటర్ల లోతున కనిపించాయన్న వార్త వారి కుటుంబాలకు 2024 జనవరిలో గాని అందలేదు.