ఊరంతా తెలిసినవాళ్ళే, చెప్పుకోడానికి మాత్రం ఎవరూ లేరు: పల్లె టీనేజర్లపై అపోహలు - వాస్తవాలు

పల్లెల్లో పెరిగే టీనేజ్ పిల్లలకు కౌన్సెలింగ్ చేయడం నా పని. కొట్లాటలు, బడి ఎగ్గొట్టడం, అబద్ధాలు, మత్తు అలవాట్లు. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదులు దాదాపు ఇవే. వాటితో పాటే పెద్దవాళ్ళు కొన్ని గట్టి నమ్మకాలూ మోసుకొస్తారు. సగం టైమ్ వాటిని విప్పడానికే పోతుంది.

అపోహ: పల్లెలో అందరికీ అందరూ తెలుసు. పిల్లలకి అండ లేకపోవడమేంటి?

నేను ఎక్కువగా వినేది ఇదే. 1976లో సిడ్నీ కాబ్ అనే వైద్యుడు సామాజిక ఆసరా అంటే ఏంటో చెప్పాడు. నన్ను ప్రేమగా చూసుకుంటున్నారు, నాకు విలువిస్తున్నారు, నేను వీళ్ళలో ఒకణ్ణి అని మనిషికి నమ్మకం కుదరాలి. చుట్టూ ఎంతమంది ఉన్నారన్న లెక్క కన్నా ఈ నమ్మకానికే మానసిక ఆరోగ్యంతో ఎక్కువ సంబంధం ఉందని తర్వాతి పరిశోధనల్లో పదేపదే తేలింది. 1988లో జిమెట్ బృందం తయారుచేసిన 12 అంశాల కొలమానం కూడా దీన్నే కొలుస్తుంది. కుటుంబం, స్నేహితులు, మనసుకు దగ్గరైన ఇంకో మనిషి, వీళ్ళ ఆసరా ఉన్నట్టు నీకు అనిపిస్తోందా అని చూస్తుంది.

చిన్న ఊళ్ళో ఆ నమ్మకం కుదరడం కష్టం. టీచరుకి చెప్పింది ఇంటికి చేరుతుంది. కౌన్సెలర్ గది ముందు కూర్చోగా ఒక్కరు చూసినా సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పదమూడేళ్ళప్పుడు చేసిన చిన్న దొంగతనం పదిహేడేళ్ళొచ్చినా పేరుకి అంటుకునే ఉంటుంది. పెద్ద ఊళ్ళో అయితే ఇంకో స్నేహబృందాన్ని వెతుక్కోవచ్చు. ఇక్కడ ఈడువాళ్ళే నలుగురు, ఆ నలుగురూ దూరం పెడితే మిగిలేది ఫోనే. నన్నడిగితే మా పిల్లలకి నిఘా పుష్కలం, ఆసరా కరువు.

అపోహ: కంట్లో వత్తులేసుకుని కాపలా కాస్తే పిల్లలు దారి తప్పరు.

స్వీడన్‌లో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో ప్రచురించిన అధ్యయనం చాలామంది ఆలోచన మార్చింది. పిల్లలు ఎక్కడ తిరుగుతున్నారో తల్లిదండ్రులకు తెలిసేది ఎక్కువగా పిల్లలే తమంతట తాము చెప్పడం వల్ల. ఆరా తీయడం వల్ల తెలిసేది తక్కువే. అలాగని హద్దులు వద్దని అనను. "ఎక్కడికెళ్ళావు?" అని అడగాల్సిందే. నిజం చెప్పగానే తిట్లు పడితే మాత్రం రేపటి నుంచి వినిపించేది కథే.

అపోహ: ఆసరా ఎవరిచ్చినా మంచిదే.

నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకున్నాను. బాగా గొడవ చేసే ఆరుగురిని కలిపి ఒక గ్రూపు పెట్టాను, ఒకరికొకరు తోడవుతారని. తోడయ్యారు కూడా. నాలుగో వారానికి ఒకడి ఘనకార్యం ఇంకొకడికి పాఠమైంది. చెడ్డపని చెప్పగానే పడే నవ్వులే వాళ్ళకి మెచ్చుకోలు. డిషన్, మెకార్డ్, పౌలిన్ అనే పరిశోధకులు 1999లోనే ఈ సంగతి హెచ్చరించారు. అలాంటి పిల్లల్ని ఒకచోట చేర్చిన కార్యక్రమం తర్వాత పొగాకు వాడకం, బడిలో చెడు ప్రవర్తన పెరిగాయని చూపించారు. ఇప్పుడు నా గ్రూపుల్లో అన్ని రకాల పిల్లలూ ఉంటారు.

అపోహ: గొడవ చేయనివాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు.

లోపలికి ముడుచుకుపోవడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే కడుపునొప్పి అనడం కూడా సమస్యలే. ఎవరికీ టెన్షన్ పెట్టరు కాబట్టి వీళ్ళని ఎవరూ నా దగ్గరికి తీసుకురారు.

అపోహ: ఆసరా లేకే ఇలా తయారయ్యాడు, అది ఇస్తే చాలు.

సంబంధం ఉంది గానీ అది రెండు వైపులా నడుస్తుంది. ఆసరా లేక కోపం పెరుగుతుంది, ఆ కోపం చూసి ఉన్న ఒకరిద్దరూ తప్పుకుంటారు. అందుకే అందరికన్నా ఎక్కువ అవసరమున్న పిల్లవాడికే అందరికన్నా తక్కువ దక్కుతుంది. చదువులో గుర్తించని ఇబ్బంది, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య), ఇంట్లో హింస వంటివి ఉంటే వాటి సంగతి విడిగా చూడాలి. వాటికి మంచి మాట ఒక్కటే సరిపోదు.

అపోహ: ఆ ఇంట్లో పుట్టినవాడు ఇంతే.

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు వంటి ఎన్నో కష్టాల మధ్య పుట్టిన పిల్లల్లో మూడోవంతు మంది నిలదొక్కుకున్నారు. వాళ్ళ జీవితాల్లో కనిపించిన వాటిలో ఒకటి, నిలకడగా పట్టించుకున్న ఒక పెద్ద మనిషి. అది అమ్మో నాన్నో కానక్కర్లేదు.

అందుకే మొదటి రోజు ఏం తప్పు చేశావని అడగను. "రాత్రి పదింటికి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేస్తావు?" అంటాను. చాలామంది భుజాలెగరేస్తారు. ఒక అబ్బాయి చాలాసేపు ఆలోచించి, స్కూల్ బస్సు డ్రైవర్ పేరు చెప్పాడు. వాడి అనుమతి తీసుకుని, మర్నాడు ఆయనతోనే మొదట మాట్లాడాను.