మండే స్లాబు, పెరిగే కరెంటు బిల్లు: అపోహలు - వాస్తవాలు

రోహిణి కార్తెలో పై అంతస్తు వాళ్లను అడిగితే, మధ్యాహ్నం రెండింటి కంటే రాత్రి తొమ్మిదింటికే ఎక్కువ ఉక్కగా ఉంటుందంటారు. అయిదంగుళాల స్లాబు పగలంతా తాగిన ఎండను కొన్ని గంటలు ఆలస్యంగా కిందికి వదులుతుంది. రాత్రి మీ ఏసీ గదిలోని గాలితో పాటు ఆ స్లాబునూ చల్లబరుస్తూ ఉంటుంది.

అపోహ: తెల్లగా కనిపిస్తే చాలు, ఏ రంగు వేసినా ఒకటే.

పాత సిమెంటు స్లాబు ఎండలో మూడో వంతు కూడా వెనక్కి కొట్టదు. ఎండను తిప్పికొట్టడానికే చేసిన మంచి కూల్ రూఫ్ పెయింటు కొత్తలో 80 శాతం దాకా కొడుతుంది. సున్నం కూడా పనిచేస్తుంది, తక్కువ ఖర్చులో ఒక వేసవి గడపడానికి తప్పేమీ లేదు. కిలో రాతి సున్నానికి అయిదు లీటర్ల నీళ్లు పోసి ఒక రోజు నానబెట్టి, గుడ్డలో వడగట్టి, జిగురు కలిపి వేయాలి. వానలకు కొట్టుకుపోతుంది. తర్వాత పెయింటు వేయించాలనుకుంటే మాత్రం మిగిలిన సున్నం మొత్తం గీకాల్సిందే. లేకపోతే పెయింటు సున్నాన్ని పట్టుకుంటుంది, సున్నం స్లాబును పట్టుకోదు. పొరలు పొరలుగా లేచొస్తుంది.

పెయింటు పాడవడానికి చాలాసార్లు డబ్బాలోని సరుకు కారణం కాదు, కింద చేయని పని కారణం. పిట్టగోడ మూలల్లో, నీటి గొట్టం దగ్గర పాచిని వైర్ బ్రష్‌తో రుద్ది కడగాలి. రెండు మూడు రోజులు ఎండనివ్వాలి. పగుళ్లు పూడ్చి, ప్రైమర్ కొట్టి, మొదటి కోటు నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా వేయాలి. పొద్దున తొమ్మిదిలోపు పని ఆపేయండి. కాలుతున్న స్లాబు మీద పెయింటు పరుచుకోకముందే ఆరిపోతుంది. తడి స్లాబు మీద వేస్తే బుడగలొస్తాయి. వెయ్యి చదరపు అడుగులకు రెండు కోట్లకు దాదాపు 40 లీటర్లు పడుతుంది. ఇరవై లీటర్లతో సరిపెడతానన్న మేస్త్రి నీళ్లు ఎక్కువ కలుపుతాడని అర్థం.

దుమ్ము పట్టే కొద్దీ తెలుపు పని తగ్గుతుంది. ఏటా ఫిబ్రవరి చివర్లో ఒకసారి కడగండి.

అపోహ: ఫాల్స్ సీలింగ్ ఉంటే వేడి దిగదు.

స్లాబు మామూలుగానే కాలుతుంది, ఆ సెగ జిప్సం బోర్డుకు, అక్కడి నుంచి గదికి వస్తుంది. పన్నెండు మిల్లీమీటర్ల బోర్డు దాన్ని పెద్దగా ఆపలేదు. వేడిని స్లాబు పైనే ఆపాలి. కింది నుంచి వరసగా వాటర్‌ప్రూఫింగ్, 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి నురుగు పలక), జియోటెక్స్‌టైల్ అనే సింథటిక్ గుడ్డ, ఇనుప మెష్ పెట్టిన సిమెంటు పొర, పైన తెల్ల టైల్స్. షీట్ల అతుకుల్లో సందులుంటే వేడి అక్కడి నుంచే దిగుతుంది. ఎక్స్‌పీఎస్ బదులు మామూలు థర్మాకోల్ పెట్టే మేస్త్రీలున్నారు. అది నీళ్లు పీల్చి, బరువుకు అణిగిపోతుంది.

ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం తెచ్చిన 2018 నాటి ఎకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పు యూ-విలువ (పైకప్పు గుండా వేడి ఎంత దిగుతుందో చెప్పే కొలత, తక్కువైతే మేలు) 1.2 దాటకూడదు. ఒట్టి స్లాబుకు అది 3 పైనే ఉంటుంది. పైన చెప్పిన పొరలన్నీ సరిగా పడితే 0.6 లోపుకు దిగుతుంది.

ఏసీ లేని ఇంటికి మాత్రం మొదట తెల్ల పెయింటే. వేడిని ఆపే ఈ పొరలు (ఇన్సులేషన్) ఉన్న ఇంట్లో వంట వేడి, మనుషుల వేడి రాత్రి పైకప్పు గుండా బయటికి పోలేవు. కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వకపోతే ఉక్క తగ్గదు.

అపోహ: మెరిసే జింకు రేకు చల్లగా ఉంటుంది.

ఎండను కొంత తిప్పికొడుతుంది, నిజమే. కానీ పట్టిన వేడిని బయటికి వదలడంలో లోహం పిసినారి. అదే రేకు మీద తెల్ల పెయింటు వేస్తే రెండు పనులూ జరుగుతాయి. రేకు కింద అతికించే అల్యూమినియం ఫాయిల్‌కు ఒక వైపు కనీసం అంగుళం ఖాళీ ఉండాలి. రెండు వైపులా ఆనించి బిగిస్తే డబ్బు దండగ.

అపోహ: మధ్యాహ్నం డాబా మీద నీళ్లు చల్లితే చాలు.

ఒక లీటరు నీరు ఆవిరైతే, కరెంటు లెక్కలో చెప్తే దాదాపు 0.67 యూనిట్ల వేడిని పట్టుకెళుతుంది. కానీ బకెట్లతో కుమ్మరించిన నీళ్లలో ఎక్కువ భాగం గొట్టంలోంచి కిందికి పోతుంది. కాలే స్లాబుకు ఉన్నట్టుండి చన్నీళ్లు తగిలితే సన్న పగుళ్లు కూడా వస్తాయి. ఎండ తగ్గాక గోనె సంచులు పరిచి తడపడం మేలు. విశాఖ, కాకినాడ వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఫలితం తక్కువ. రామగుండం, రెంటచింతల లాంటి పొడి ఎండలోనే ఇది బాగా పనిచేస్తుంది. దీనికంటే తాటాకు చలువ పందిరే నయం.

అపోహ: పెయింటు వేస్తే బిల్లు సగమవుతుంది.

గదిలో రెండు నుంచి అయిదు డిగ్రీల తేడా రావచ్చు. ఏసీని ఒక డిగ్రీ పైకి పెడితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) లెక్క. గది చల్లబడినా పాత అలవాటు కొద్దీ ఏసీ 20 మీదే ఉంచితే ఆ ఆదా మీది కాదు. పైగా ఈ లాభమంతా పై అంతస్తుదే. జీ ప్లస్ టూ ఇంట్లో కింది వాటా వాళ్ల మీటరులో తేడా కనపడదు.