ఏ గోల్ లెక్కలోకి వస్తుంది?

హన్మకొండ ఆర్ట్స్ కళాశాల మైదానంలో సాయంత్రం ఆట ముగించుకుని కుర్రాళ్లు బూట్ల లేసులు విప్పుకునే వేళ మెస్సీ గొప్పవాడా, రొనాల్డో గొప్పవాడా అన్న వాదన లేస్తూనే ఉంటుంది. పక్కన యాభై దాటిన పెద్దమనిషి ఎవరైనా కూర్చుంటే, బ్రెజిల్ ఫుట్‌బాల్ దిగ్గజాన్ని తలచుకుని "పీలే పన్నెండు వందల మీద కొట్టిండు, వీళ్లదెంత?" అని అడ్డు తగులుతాడు. "అండ్ల సగం ఫ్రెండ్లీలే కద" అని జవాబు వస్తుంది. ఈ రెండు మాటల మధ్య దాదాపు నూరేళ్ల చరిత్ర ఉంది.

పీలే పేరిట చెప్పే 1,283 గోల్స్‌లో ఏ పోటీలోనూ భాగం కాని స్నేహపూర్వక (ఫ్రెండ్లీ) మ్యాచులవే కాక, సైనిక సేవ కాలంలో సైన్యం జట్టు తరఫున చేసినవి కూడా ఉన్నాయి. బ్రెజిల్‌లోని శాంటోస్ క్లబ్ తరఫున అధికారిక పోటీల్లో ఆయన చేసినవి 643. 2020 డిసెంబరులో బార్సిలోనా తరఫున మెస్సీ 644వ గోల్ చేసి, ఒకే క్లబ్‌కు అత్యధిక గోల్స్ రికార్డు తనదయిందని లోకం చెప్పుకున్నప్పుడు, స్నేహపూర్వక మ్యాచుల్లోని 448 గోల్స్‌ను కూడా కలిపి పీలే లెక్క 1,091 అనాలని శాంటోస్ అభ్యంతరం తెలిపింది. టెలివిజన్ హక్కుల సొమ్ము లేని ఆ రోజుల్లో విదేశీ పర్యటనలే ఆ క్లబ్‌కు ప్రధాన ఆదాయం కాబట్టి, ఇంటర్ మిలన్, రియల్ మాడ్రిడ్ వంటి జట్లతో ఆడిన ఆ మ్యాచులను ఉత్త సరదా ఆటలని కొట్టిపారేయలేం. శాంటోస్ వాదనలో న్యాయం ఉందనే ఈ రచయిత అభిప్రాయం. అయితే సైన్యం జట్టు గోల్స్‌ను కూడా అదే గంపలో వేయమంటే మాత్రం ఒప్పుకోవడం కష్టం.

ఏ మ్యాచ్‌ను లెక్కించాలన్న చిక్కు తీరినా, ఏ నిబంధనల కింద ఆడారన్న చిక్కు మిగులుతుంది. 1925 దాకా ముందుకు అందించిన బంతిని అందుకునే ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య ప్రత్యర్థులు కనీసం ముగ్గురు ఉండాలి, లేకపోతే ఆఫ్‌సైడ్, అంటే ఆట ఆపి బంతిని ప్రత్యర్థులకు ఇస్తారు. ఆ ఏడాది ముగ్గురిని ఇద్దరికి తగ్గించారు. ఫలితంగా, అవే 462 మ్యాచులు జరిగే ఇంగ్లండ్ ప్రథమ శ్రేణి లీగ్‌లో గోల్స్ ఒక్క సీజన్‌లోనే 1,192 నుంచి 1,703కు ఎగబాకాయి. 1926-27లో రెండో శ్రేణి లీగ్‌లో మిడిల్స్‌బరో ఆటగాడు జార్జ్ క్యామ్సెల్ 59 గోల్స్ చేస్తే, మరుసటి సీజన్‌లో ఎవర్టన్ ఆటగాడు డిక్సీ డీన్ ప్రథమ శ్రేణిలో 39 మ్యాచుల్లో 60 చేశాడు. ఏడాది తేడాతో ఇద్దరు ఇలా చెలరేగారంటే అందులో కాళ్ల బలమే కాక, కొత్త నిబంధనకు రక్షణ శ్రేణులు ఇంకా అలవాటు పడకపోవడం కూడా ఉందని ఒప్పుకోవాలి. ఆ లోటు పూడ్చేందుకు ఆర్సెనల్ శిక్షకుడు హెర్బర్ట్ చాప్‌మన్ మైదానం మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి మూడో రక్షకుడిగా నిలబెట్టిన పద్ధతి క్రమంగా అంతటా పాకింది. డీన్ 60ని ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఎవరూ దాటలేదు. ఆ ప్రథమ శ్రేణికి ఇప్పటి రూపమైన ప్రీమియర్ లీగ్‌లో 2022-23లో మాంచెస్టర్ సిటీ ఆటగాడు హాలాండ్ నెలకొల్పిన రికార్డు 36.

ప్రపంచకప్‌లోనూ ఇదే తీరు. 1958లో ఫ్రాన్స్ ఆటగాడు జస్ట్ ఫాంటేన్ ఆరు మ్యాచుల్లో 13 గోల్స్ చేసిన టోర్నీలో 35 మ్యాచులకు 126 గోల్స్ పడ్డాయి. 1990లో 52 మ్యాచులకు పడినవి 115 మాత్రమే. అగ్రస్థానంలో నిలిచిన ఇటలీ ఆటగాడు స్కిలాచి చేసినవి ఆరు. సహచరుడు కాలితో వెనక్కి అందించిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోరాదన్న నిబంధన ఆ నిస్సారమైన టోర్నీ తరువాత, 1992లో వచ్చింది.

మన దగ్గరికొస్తే పోలిక మరింత కష్టమవుతుంది. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో వీడ్కోలు పలికేనాటికి దేశం తరఫున 151 మ్యాచుల్లో 94 గోల్స్ చేశాడు. మరుసటి ఏడాది తిరిగి వచ్చి మాల్దీవులపై మరొకటి చేర్చాడు. అదే సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైనా, పెరూపైనా గోల్ చేసినవాడు. అనారోగ్యంతో 27 ఏళ్లకే ఆట మానుకోవలసి వచ్చింది. ఆ తరంలో దేశం ఆడే అంతర్జాతీయ మ్యాచులే తక్కువ, పైగా దేశవాళీ పోటీలు 70 నిమిషాలకే ముగిసేవి. ఇద్దరి అంకెలను పక్కపక్కన పెడితే బలరాంకు అన్యాయమే జరుగుతుంది. ఇక అంతర్జాతీయ గోల్స్‌లో ప్రపంచ రికార్డు రొనాల్డోదని రాసే పత్రికలకు, 190 గోల్స్ చేసిన కెనడా క్రీడాకారిణి క్రిస్టీన్ సింక్లెయిర్ గుర్తుండదు. గుగులోత్ సౌమ్యను భారత మహిళల జట్టుకు అందించిన నిజామాబాద్ జిల్లాలోనైనా ఆ పేరు గుర్తుండాలి.

ఈ ప్రాంతపు టోర్నీల లెక్క సంగతి చెప్పనక్కరలేదు. వెలుతురు పోతుందని సగానికి పాతిక నిమిషాలే ఆడించిన ఒక పోటీలో స్కోరు రాసిన నోటుపుస్తకాన్ని ఈ రచయిత చూడటం జరిగింది. అందులో ఆటగాడి పేరు లేదు. "9 నంబర్ – 3" అని మాత్రమే ఉంది. మరుసటి మ్యాచ్‌కు ఆ చొక్కా వేసుకున్నది వేరే అబ్బాయి.