అలారం మోగింది, మాత్ర డబ్బాలోనే ఉంది

మాత్ర రోజూ వేసుకుంటున్నారా అని అడిగితే నూటికి 95 మంది దాదాపు ఎప్పుడూ వేసుకుంటున్నామనే చెప్పారు. డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెడితే 88 శాతం రోజులు వేసుకున్నట్టే తేలింది. రక్తం తీసి చూస్తే మాత్రం, పరీక్షించిన స్త్రీలలో 40 శాతం మందిలో కూడా మందు జాడ సరిగ్గా కనబడలేదు. కెన్యా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో రెండు వేలకు పైగా స్త్రీలతో జరిగిన ఫెమ్-ప్రెప్ అనే క్లినికల్ ట్రయల్ సంగతి ఇది. హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునే మాత్ర స్త్రీలను ఎంత కాపాడుతుందో తేల్చాలని మొదలుపెట్టారు. అసలు మాత్రకూ ఉత్తుత్తి మాత్రకూ తేడా కనబడకపోవడంతో 2011లో ఆపేశారు. మందు పనిచేయలేదని కాదు, కడుపులోకి వెళ్ళనే లేదు.

వెళ్తే ఎలా పనిచేస్తుందో కాస్త చూద్దాం. హెచ్‌ఐవీ మన కణంలోకి దూరాక ముందుగా చేసే పని తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా తిరగరాసుకోవడం. ఈ మాత్రలోని టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్ ఆ రాతలో దొంగ అక్షరాల్లా చొరబడతాయి. దొంగ అక్షరం పడ్డాక దాని పక్కన ఇంకో అక్షరం అతకదు, రాత అక్కడితో ఆగిపోతుంది. అయితే వైరస్ వచ్చే సరికే ఆ దొంగలు కణంలో మాటువేసి ఉండాలి. అందుకే ఏ జబ్బూ లేని మనిషి, ఒంట్లో ఏ నలతా లేని రోజున కూడా మాత్ర మింగాలి. ప్రెప్ అనే ఈ పద్ధతికి ఉన్న చిక్కంతా ఇక్కడే. తలనొప్పి మాత్రను తలనొప్పే గుర్తుచేస్తుంది. దీన్ని గుర్తుచేసేదేమీ లేదు.

పురుషులతో సంబంధాలున్న పురుషులు, ట్రాన్స్ స్త్రీలతో ఆరు దేశాల్లో జరిగి 2010లో వెలువడిన ఐప్రెక్స్ అధ్యయనంలో మొత్తం మీద 44 శాతం రక్షణ కనిపించింది. రక్తంలో మందు ఉన్నవాళ్ళను విడిగా తీసి చూస్తే అది 92 శాతం. ఆ తర్వాత రక్తంలోని మోతాదులను బట్టి లెక్కలు వేశారు. వారానికి రెండు మాత్రలు వేసుకుంటే సుమారు 76 శాతం, నాలుగైతే 96, ఏడూ వేసుకుంటే 99 శాతం రక్షణ అని అంచనాకు వచ్చారు. ఆ అంచనా ఆ అధ్యయనంలోని పురుషులదే, అందరికీ అలాగే వర్తిస్తుందనుకోకూడదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మాత్రను 2012లో అనుమతించింది. అంటే పుష్కర కాలం దాటింది. రసాయన శాస్త్రం చేయాల్సిన పని చేసేసింది. మిగిలింది డబ్బాకూ నోటికీ మధ్య ఉన్న జానెడు దూరం.

ఆ దూరాన్ని ఫోన్ దాటిస్తుందన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. మనిషి మరిచిపోతాడు, ఫోన్ మరిచిపోదు, కాబట్టి రోజూ ఓ మెసేజ్ పంపితే సరి! ఈ లెక్క ఎంత సూటిగా ఉందో అంతగా తప్పింది. కెన్యాలో హెచ్‌ఐవీకి కొత్తగా చికిత్స మొదలుపెట్టిన 431 మందిపై ఒక ప్రయోగం చేసి, 2011లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ళను గుంపులుగా విడదీసి కొందరికి రోజూ, కొందరికి వారానికోసారి, కొందరికి పొట్టిగా, కొందరికి కాస్త ఊరడింపు మాటలు కలిపి పొడుగ్గా మెసేజ్‌లు పంపారు. మందులు 90 శాతానికి తగ్గకుండా వేసుకున్నవాళ్ళు, మెసేజ్‌లు అందని గుంపులో 40 శాతం ఉంటే, వారానికోసారి అందుకున్న గుంపులో 53 శాతం ఉన్నారు. రోజూ అందుకున్న వాళ్ళలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. పొడుగు మెసేజ్‌కు పొట్టి మెసేజ్‌కన్నా అదనపు ఫలమూ లేదు.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. నా ఫోన్‌లో పొద్దున్నే మోగే అలారాన్ని కళ్ళు తెరవకుండానే నొక్కేయడం వేలికి అలవాటైపోయింది. మోగిన సంగతి నాకు గుర్తే ఉండదు. రోజువారీ మెసేజ్‌కు కూడా అదే గతి పట్టి ఉంటుందని నా ఊహ.

ఇంచుమించు అదే కాలంలో, అదే దేశంలో ఇంకో ప్రయోగం జరిగింది. వెల్‌టెల్ అని పేరు. ఇదీ చికిత్స తీసుకుంటున్నవాళ్ళతోనే, 538 మందితో. ప్రతి వారం నర్సు నుంచి ఒక్క మాట వచ్చేది: ‘మాంబో?’ స్వాహిలీలో ‘ఏంటి సంగతులు?’ అన్నట్టు. మందు ఊసు లేదు, జబ్బు ఊసు అసలే లేదు. రెండు రోజుల్లోగా ‘సావా’ అనో ‘షీదా’ అనో జవాబివ్వాలి. మొదటిది బాగానే ఉందని, రెండోది ఏదో ఇబ్బంది ఉందని. షీదా అన్నవాళ్ళకు, అసలు జవాబే ఇవ్వనివాళ్ళకు నర్సు ఫోన్ చేసేది. 2010లో ఫలితాలు వచ్చాయి. తాము మందులు సరిగ్గా వాడుతున్నామన్నవాళ్ళు ఈ గుంపులో 62 శాతం, మామూలు వైద్యం అందిన గుంపులో 50. చెప్పిన మాటను నమ్మలేమని ఈ వ్యాసం మొదట్లోనే చూశాం కదా! అందుకే రెండో లెక్క ముఖ్యం. రక్తంలో వైరస్ అణిగినవాళ్ళు ఇక్కడ 57 శాతం, అక్కడ 48. నోటి మాటకు రక్తం సాక్ష్యం పలికింది.

ఆ రెండు అక్షరాల మెసేజ్‌లో నన్ను ఆకట్టుకున్నది దాని చివరనున్న ప్రశ్నార్థకం. గుర్తుచేసే మెసేజ్ చదివితే అక్కడితో అయిపోతుంది. అడిగే మెసేజ్‌కు బదులివ్వాలి, ఇవ్వకపోతే ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు. నర్సుకు పని పెరిగిపోతుందేమో అనిపిస్తుంది కానీ షీదా అన్న జవాబులు కొద్ది శాతమే. సావా అన్నవాళ్ళు ఆ వారానికి క్షేమం. మాట్లాడాల్సిన నలుగురు ఎవరో జల్లెడ పట్టి ఇచ్చినట్టు బయటపడతారు.

ఇక చికిత్స నుంచి నివారణకు వద్దాం. ఇక్కడ మరుపు కన్నా మొండి కారణాలున్నాయి. కెన్యాలోనే తీకా, కిసుముల్లో 18 నుంచి 24 ఏళ్ళ వయసున్న 348 మంది యువతులకు ప్రెప్ మాత్రలిచ్చి, సగం మందికి గుర్తుచేసే ఎస్సెమ్మెస్‌లు పంపారు. డబ్బా మూత తెరిచిన ప్రతిసారీ నమోదు చేసే పరికరాలతో రెండేళ్ళు గమనించారు. 2021లో వెలువడిన ఫలితం: ఎస్సెమ్మెస్ వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ, ఇద్దరూ సుమారు 27 శాతం రోజులే వేసుకున్నారు. అణుమాత్రం తేడా లేదు.

వాళ్ళకు గుర్తులేదా? గుర్తుండే వేసుకోలేదనుకోవడం సబబు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. టెనోఫోవిర్ జబ్బున్నవాళ్ళ చికిత్సలోనూ ఉంది. డబ్బా ఎవరి కంటైనా పడితే ‘నీకు హెచ్‌ఐవీ ఉందా?’ అంటారు. లేదని ఎంత చెప్పినా అనుమానం పోదు. డబ్బా కదిపితే గలగలమంటుంది, దాచడం కుదరదు. భర్తో ప్రియుడో చూస్తే, నామీద నమ్మకం లేదా అన్న నిలదీత ఇంకోటి. మొదటి వారాల్లో కొందరికి కడుపులో తిప్పుతుంది. వీటన్నిటికీ తోడు, ప్రమాదం మనిషి జీవితంలో ఎప్పుడూ ఒకేలా ఉండదు. తోడు లేని నెలల్లో మాత్ర మానేస్తే అది నిర్లక్ష్యం కాదు, లెక్కే. ఆ లెక్క సరైనదా కాదా అన్నది మాట్లాడితేనే తెలుస్తుంది. ‘మాత్ర వేసుకున్నారా?’ అన్న అలారానికి వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు.

మాటామంతీ ఉన్న పద్ధతిని నివారణలో వాడి చూసినవాళ్ళున్నారు. చికాగోలో 18 నుంచి 29 ఏళ్ళ మధ్య వయసున్న 121 మందితో, పురుషులతో సంబంధాలున్న పురుషులు, ట్రాన్స్ స్త్రీలతో, ప్రెప్‌మేట్ అనే మెసేజ్ సేవను పరీక్షించారు. వారం వారం యోగక్షేమం అడగడం, కావాలనుకున్న వాళ్ళకు నచ్చిన మాటల్లో రోజూ గుర్తుచేయడం, ఇబ్బంది ఉందంటే సిబ్బంది పలకరించడం. వారానికి నాలుగు మాత్రలకు తగ్గని మోతాదు రక్తంలో కనబడింది ఈ గుంపులో 72 శాతం సార్లు, సేవ అందని గుంపులో 57 శాతం సార్లు. క్లినిక్‌కు రావాల్సిన రోజున రావడం కూడా పెరిగింది. కొండంత తేడా కాదు గానీ చేతికందిన తేడా.

ఇంతకీ ప్రశ్న అడిగితే చాలా? చాలదని దక్షిణ భారతదేశంలో 631 మందిపై జరిగిన ప్రయోగం చెబుతుంది. కొత్తగా చికిత్స మొదలెట్టినవాళ్ళకు వారం వారం కంప్యూటర్ నుంచి వాయిస్ కాల్ వెళ్ళేది, బదులు చెప్పే వీలుండేది, బొమ్మతో ఓ మెసేజ్ కూడా వెళ్ళేది. 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మందు విఫలం కావడంలో తేడా రాలేదు. యంత్రం అడిగితే యంత్రానికే జవాబిచ్చినట్టుంటుందని తీర్పు చెప్పేద్దామనుకునేంతలో నైరోబీలోని కిబెరా నుంచి ఇంకో ఫలితం అడ్డుపడుతుంది. అక్కడ 700 మందికి అచ్చం వెల్‌టెల్ పద్ధతిలోనే, వెనక మనిషిని ఉంచి, వారం వారం పలకరింపు పంపారు. మొదటి ఏడాదిలో క్లినిక్‌ను వదలకుండా ఉండటంలో లాభం కనబడలేదు. పలకరింపుకు జవాబిచ్చే స్థితిలో ఉన్నవాడిని ఫోన్ నిలబెడుతుంది. బతుకుతెరువు కోసం ఊరు మారినవాడిని, క్లినిక్ గడప తొక్కడానికే జంకేవాడిని ఒక మెసేజ్ వెనక్కి లాగలేదు. నాకు తోచిన సమాధానం ఇదే.

గోప్యత సంగతి ఈ రంగంలో పనిచేసేవాళ్ళు మొదటి రోజే నేర్చుకుంటారు. ఫోన్ ఒక్కరిదే అనుకోవడానికి లేదు. అక్కాచెల్లెళ్ళు పంచుకుంటారు, భర్త తీసి చూస్తాడు. తాళం వేసిన తెరమీద కూడా మెసేజ్ మొదటి వరుస మెరుస్తుంది. అందుకే మెసేజ్‌లో జబ్బు పేరు, మందు పేరు, క్లినిక్ పేరు ఉండవు. ‘మాంబో?’ను ఎవరు చూసినా స్నేహితుడి పలకరింపే అనుకుంటారు. ఆరోగ్య సూత్రాలు వల్లించే పొడుగు మెసేజ్‌ల కన్నా ఆ ఒక్క మాట తెలివైనదని నేననేది ఇందుకు కూడా.

వేసుకున్నారో లేదో కనిపెట్టే సాంకేతికత దానిపాటికది ముందుకు పోతోంది. మూత తీయగానే మొబైల్ నెట్‌వర్క్ ద్వారా కబురు పంపే డబ్బాలున్నాయి. మూత తీసి మాత్ర తీయకుండా మూసేస్తే వాటికి తెలియదు. చుక్క రక్తాన్ని కాగితంపై ఆరబెట్టి చేసే పరీక్ష అంత సులువుగా మోసపోదు. ఎర్ర రక్తకణాల్లో టెనోఫోవిర్ రూపాంతరం సగానికి తగ్గడానికి 17 రోజులు పడుతుంది కాబట్టి, అది గడిచిన కొన్ని వారాల ఖాతా పుస్తకం. కానీ నిఘా పెరిగినకొద్దీ షీదా అని ధైర్యంగా చెప్పే మనిషి తగ్గిపోతాడేమోనని నా భయం.

రోజువారీ మాత్రే లేకపోతే ఈ గొడవంతా ఉండదు కదా అనవచ్చు. రెండు నెలలకోసారి వేసే కాబోటెగ్రావిర్ ఇంజక్షన్‌కు అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే లెనకాపవిర్‌కు 2025లో వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో దాన్ని తీసుకున్న 2,134 మంది స్త్రీలలో ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదని 2024లో తేలింది. గలగలలాడే డబ్బా లేదు, రోజూ మింగే పని లేదు. ఫోన్‌కు మిగిలిన పని ఏడాదికి రెండే రెండు కబుర్లు. అయితే తర్వాతి ఇంజక్షన్ 26 వారాలకు రెండు వారాలు అటో ఇటో పడాలి. ఆ తేదీ దగ్గరపడే సరికి ఆరు నెలల కింద రాసిచ్చిన నంబరు పనిచేస్తుండాలి, మోగినప్పుడు ఆ ఫోన్ ఆమె చేతిలోనే ఉండాలి.