మెదడు కణితి తిరగబెడితే: నేను తరచూ వినే అపోహలు

మెదడులో పుట్టే క్యాన్సర్లలో బాగా వేగంగా పెరిగేది గ్లియోబ్లాస్టోమా. అది తిరగబెట్టిందని చెప్పగానే ఇంట్లోవాళ్లు ముందు వెతికేది తప్పెక్కడ జరిగిందని.

అపోహ: ఆపరేషన్‌లో కొంత వదిలేశారు, అందుకే మళ్లీ వచ్చింది.
స్కాన్‌లో కనబడే గడ్డంతా తీసేసినా, దాని కణాలు అప్పటికే చుట్టుపక్కల మెదడులోకి పాకి ఉంటాయి. ఏ స్కానూ వాటిని పట్టుకోలేదు. 1928లో వాల్టర్ డాండీ అనే సర్జన్, ఇలాంటి కణితులున్న కొందరికి మెదడు కుడి సగాన్నే తీసేసిన అనుభవాన్ని ప్రచురించారు. అంత చేసినా కణితి తిరిగొచ్చింది. వీలైనంత ఎక్కువ తీస్తే మేలే, కానీ ప్రతి కణాన్నీ తీయడం ఎవరి చేతుల్లోనూ లేదు. "అప్పుడే ఇంకోచోటికి తీసుకెళ్లాల్సింది" అని ఏళ్ల తరబడి కుమిలిపోయేవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

అపోహ: రేడియేషన్ తర్వాత ఎమ్మారైలో గడ్డ పెద్దదైతే చికిత్స ఫెయిలైనట్టే.
మొదటి మూడు నెలల్లో రేడియేషన్ తెచ్చే వాపు కూడా అచ్చం కణితిలాగే కనబడుతుంది. దీన్ని సూడోప్రోగ్రెషన్ అంటాం. రోగి బాగానే ఉంటే చాలాసార్లు కొన్ని వారాలాగి మళ్లీ స్కాన్ తీస్తాం. ఆ వారాల టెన్షన్ ఎంతటిదో రోజూ చూస్తున్నాను. అయినా తొందరపడి, పనిచేస్తున్న మందును ఆపడం ఇంకా పెద్ద నష్టం.

అపోహ: మొదట పనిచేసిన మందునే మళ్లీ ఇస్తే సరిపోతుంది.
కొందరికి ఇస్తాం. కానీ మొదట ఇచ్చే కీమో మందు టెమోజోలమైడ్‌ను తట్టుకుని బతికిన కణాలే మళ్లీ పెరిగి ఉండొచ్చు, వాటి మీద అది అంతగా పనిచేయదు. వేరే మందులు చూద్దామంటే, మెదడు రక్తనాళాల గోడ చాలావాటిని లోపలికి రానివ్వదు. రేడియేషన్ మళ్లీ ఇవ్వాలన్నా, మొదట ఇచ్చిన డోసు, సాధారణంగా 60 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత), లెక్కలో ఉంటుంది. బెవసిజుమాబ్ అనే మందు వాపు తగ్గిస్తుంది, స్టెరాయిడ్ల అవసరం తగ్గిస్తుంది. ఆయుష్షు పెంచుతుందని మాత్రం పెద్ద ట్రయల్స్‌లో తేలలేదు. ఈ మాట మందు మొదలుపెట్టకముందే చెప్పాలి.

అపోహ: రెండోసారి ఆపరేషన్ ఉండదు.
కొందరికి ఉంటుంది. గడ్డ ఎక్కడుంది, మనిషికి ఒంట్లో ఎంత ఓపిక ఉందన్నది చూసి చేస్తాం.

అపోహ: పాలియేటివ్ కేర్ అంటే చేతులెత్తేయడం.
తలనొప్పి, ఫిట్స్, స్టెరాయిడ్లతో పెరిగే షుగర్, పట్టని నిద్ర. వీటిని చూసుకునే వైద్యమే అది. కీమో నడుస్తుండగానే మొదలుపెట్టొచ్చు. ఈ జబ్బులో మాట, జ్ఞాపకం ముందే దెబ్బతినొచ్చు. అందుకే రోగి స్పష్టంగా మాట్లాడగలుగుతున్నప్పుడే, ఇంకో చికిత్స కావాలో వద్దో, ఎక్కడ ఉండాలనుందో ఆయన్నే అడగమని ఇంట్లోవాళ్లకు చెబుతాను.