ఆన్‌లైన్ సరుకులు, మన ఇంటి తిండి: అపోహలు – వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో డైటీషియన్‌ని. షుగర్, బీపీ, ఫ్యాటీ లివర్ అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇప్పుడు చాలామంది ఇళ్లకు సరుకులు యాప్‌ల నుంచే వస్తున్నాయి. ఏం తింటున్నారని అడిగితే ఒకే జవాబు పదే పదే వినిపిస్తోంది. దాని వల్ల జరిగే నష్టం కళ్లారా చూస్తున్నాను కాబట్టి ముందు దాని సంగతే రాస్తాను.

అపోహ: "ఆన్‌లైన్ కూరగాయల్లో సత్తువ ఉండదు, అన్నీ మందులు కొట్టినవే. అందుకే ఆకుకూరలు మానేశాం."

వాస్తవం: పురుగుమందు కొట్టేది పొలంలో. ఆ తోటకూర యాప్‌లో అమ్ముడైనా, ఎర్రగడ్డ రైతుబజార్‌లో అమ్ముడైనా, వీధిలో తోపుడు బండి మీద అమ్ముడైనా కొట్టిన మందు అదే. కంపెనీలు కూరగాయలు కొనేది రైతుల దగ్గర పెట్టుకున్న కలెక్షన్ సెంటర్లలోనో, మార్కెట్ యార్డుల్లోనో. వాళ్లకంటూ వేరే పొలాలేమీ లేవు. ఎక్కడ కొన్నా చేయాల్సిన పని ఒకటే. తరగక ముందే, రెండు మూడుసార్లు నీళ్లు మార్చి, ఆఖర్న కుళాయి కింద బాగా కడగాలి. తరిగాక కడిగితే నీళ్లలో కరిగే విటమిన్లు ఆ నీళ్లతోనే పోతాయి.

ఇక సత్తువ మాట. కోసిన దగ్గర్నుంచి ఆకుకూరల్లో విటమిన్ సి తగ్గుతూ వస్తుంది, అది నిజమే. అయితే మే నెల ఎండలో మధ్యాహ్నం దాకా బండి మీద ఉన్న కట్టలోనూ తగ్గుతుంది, చల్లగా ఉంచితే తగ్గడం నెమ్మదిస్తుంది. ఐరన్, కాల్షియం, పీచు మాత్రం రెండు రోజులు ఆలస్యమైనంత మాత్రాన ఎక్కడికీ పోవు. విటమిన్ సి కోసం ఒక జామకాయ తినండి, పప్పులో నిమ్మకాయ పిండుకోండి. అంతేగానీ ఆకుకూరే మానేస్తే ఎలా?

మానేసినవాళ్లు దాని బదులు ఏం తింటున్నారన్నదే నా బాధ. ఈమధ్య ఒకావిడ భర్తను తీసుకుని వచ్చారు. ఆయనకు కొత్తగా షుగర్ బయటపడింది, ఇద్దరూ బాగా టెన్షన్‌లో ఉన్నారు. పాలకూరకు ఏదో రంగు పూస్తున్నట్టు ఫోన్‌లో ఒక వీడియో వచ్చిందట, అప్పట్నుంచి ఇంట్లోకి ఆకుకూర రానివ్వడం లేదన్నారు. పిల్లల మీద ప్రేమతో చేసిన పనే, ఆవిడను తప్పుపట్టలేను. పాత ఆర్డర్లు ఒకసారి చూపించమ్మా అన్నాను. రాత్రి పది దాటాక పెట్టిన ఒక ఆర్డర్ ఇది: అర లీటరు పాలు, కొత్తిమీర, రెండు చిప్స్ ప్యాకెట్లు, క్రీమ్ బిస్కెట్లు, పెద్ద సీసా కూల్ డ్రింక్. "పాల కోసమే పెట్టానండీ. డెలివరీ చార్జీ పడుతుందని మిగతావి వేశాను" అన్నారు. కింద మరొకటి, ఇంకొకటి, అన్నీ అలాంటివే. పాలకూరను చూసి భయపడ్డ ఆ ఇంట్లో, అదే యాప్ నుంచి వచ్చిన చిప్స్ ప్యాకెట్‌ను ఎవరూ అనుమానించలేదు.

పుకార్లు పుట్టించేవాళ్ల మీద నాకు కోపం వచ్చేది ఇందుకే. ఆ వీడియోలో ఏ ఊరో, ఏ కూరో, ఎప్పుడు తీశారో చెప్పరు. చూసినవాళ్లు మాత్రం నెలల తరబడి కూర మానేస్తారు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలని అందులో ఉంది. నలుగురున్న ఇంట్లో పిల్లలకు కొంచెం తగ్గించి లెక్కేసుకున్నా వారానికి తొమ్మిది, పది కిలోల కూరగాయలు రావాలి. బంగాళాదుంప ఈ లెక్కలోకి రాదు. ఇప్పుడు మీ ఆర్డర్లు తెరిచి చూడండి. అర కిలో టమాటా, పావు కిలో బెండకాయలు, 200 గ్రాముల పాలకూర. ఆ పాలకూర కాడలు తీసి పప్పులో వేస్తే నలుగురి కంచాల్లో ఆకు వెతుక్కోవాలి. ప్యాకెట్ చిన్నది. "ఆకుకూర తిన్నాం" అన్న తృప్తి మిగులుతుంది గానీ, కడుపులోకి వెళ్లింది చాలా తక్కువ. కాబట్టి నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేను చెప్పేది, ఆకుకూర ఎప్పుడు తెప్పించినా రెండు మూడు ప్యాకెట్లు తెప్పించండి అని.

ఇది ఒకరిద్దరి ఇళ్ల ముచ్చట కాదు. కేంద్ర ప్రభుత్వ 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం, పట్టణాల్లో ఒక్కో మనిషి నెల ఖర్చులో పానీయాలు, చిరుతిళ్లు, ప్రాసెస్ చేసిన ఆహారం వాటా 10.64 శాతం. కూరగాయల వాటా 3.8 శాతం. బయట కొనుక్కు తినే భోజనం కూడా ఆ మొదటి అంకెలో కలిసే ఉంది. ఆ మాట ఒప్పుకున్నా తేడా చిన్నది కాదు.

అపోహ: "హెల్తీ అని రాసి ఉన్నవే కొంటున్నాం."

వాస్తవం: ప్యాకెట్ ముందు వైపు ప్రకటన, వెనక వైపు నిజం. రాగి బిస్కెట్లు, మల్టీగ్రెయిన్ చిప్స్, పిల్లల మాల్ట్ పొడులు, షుగర్ పేషెంట్లు ధైర్యంగా తినే "డైజెస్టివ్" బిస్కెట్లు, వీటన్నిటి వెనక పదార్థాల జాబితా ఉంటుంది. అందులో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలన్నది నియమం. మొదటి మూడింట్లో మైదా, చక్కెర, పామాయిల్ ఉంటే పేరు ఏదైనా అది మామూలు బిస్కెట్టే. పేరులో చెప్పిన రాగి ఎంత శాతమో ఆ జాబితాలోనే ఉంటుంది, చూడండి. చక్కెర అన్న మాట లేకపోయినా లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉన్నాయేమో వెతకండి. ఒంట్లో చక్కెర పెంచే పని అవీ చేస్తాయి.

యాప్‌లో వెనక వైపు ఎలా చూస్తామని అడుగుతారు. కొనక ముందే లేబుల్ వివరాలు కనపడేలా పెట్టాలన్నది నిబంధనే. ఫోటోలు పక్కకు జరుపుతూ పోతే మూడోదో నాలుగోదో వెనక వైపుది ఉంటుంది, వేళ్లతో పెద్దది చేసి చదవండి. ఆ ఫోటో పెట్టని సరుకు కొనకండి.

"హెల్త్ డ్రింక్స్" అనే పేరు సంగతి కూడా చెప్పాలి. మన ఆహార చట్టంలో హెల్త్ డ్రింక్ అనే రకానికి నిర్వచనమే లేదు. పాలు, మాల్ట్ కలిసిన పొడులను ఆ పేరు కింద చూపించవద్దని 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ సంస్థలకు ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో "100 శాతం పండ్ల రసం" అన్న మాట ప్యాకెట్ల మీద నుంచి తీసేయమని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ఇన్నాళ్లూ ఆ రెండు మాటలు నమ్మి పిల్లలకు పోసిన తల్లులు నా దగ్గర ఎంతోమంది బాధపడ్డారు. తప్పు వాళ్లది కాదు.

అపోహ: "యాప్ తీసేస్తే తిండి దానంతటదే బాగుపడుతుంది."

వాస్తవం: ఆర్డర్ ఎలా పెడుతున్నామన్నదే తేడా. అమెరికాలో మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో చేసిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. అవే కుటుంబాలు దుకాణానికి వెళ్లినప్పటి కంటే ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు క్యాండీలు, ఐస్‌క్రీమ్‌ల లాంటి తీపి వాటి మీద తక్కువ ఖర్చు పెట్టాయి. కళ్లెదుట చాక్లెట్ల అర లేదు కదా. అయితే అది పెద్ద ఆర్డర్ల వ్యవహారం. ఆకలి మీద, రాత్రిపూట, పది నిమిషాల్లో వచ్చే చిన్న ఆర్డర్లకు ఆ మంచి ఫలితాన్ని అంటగట్టకండి.

మా అమ్మ విజయవాడలో ఒక్కతే ఉంటుంది. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక రైతుబజార్‌కు నడవలేకపోయింది. అపార్ట్‌మెంట్ గేటులోకి తోపుడు బండ్లను రానివ్వరు. కొన్నాళ్లు పచ్చడి, పెరుగుతోనే గడిపేసిందని పక్కింటి పిన్నిగారు చెబితే తెలిసింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఏం కావాలో అడిగి ఇక్కడి నుంచి నేనే ఆర్డర్ పెడతాను. గోంగూర ముదురుగా వచ్చిందనీ, దొండకాయలు పండిపోయాయనీ తిడుతుంది. నేను వెంటనే ఫోటో పెట్టి డబ్బు వాపసు అడుగుతాను. కానీ ఆవిడ కంచంలోకి మళ్లీ కూర వచ్చింది. ఇలాంటి పెద్దవాళ్లకు యాప్ తీసేయమని నేను చెప్పను.

మిగతావి తొందరగా చెప్పేస్తాను.

"ఆర్గానిక్ అని ఉంది కదా." ప్రభుత్వ ఆర్గానిక్ ధ్రువీకరణ గుర్తు ఉంటే నమ్మండి. ఆకుపచ్చ రంగు కవరు చూసి నమ్మకండి. ఆర్గానిక్ బెల్లమైనా షుగర్ పేషెంట్‌కు చక్కెరతో సమానమే.

"ఆన్‌లైన్‌లో డేటు దగ్గరపడ్డవే పంపిస్తారు." ప్యాకెట్ చేతికొచ్చేసరికి గడువులో కనీసం 30 శాతం గానీ, 45 రోజులు గానీ మిగిలి ఉండేలా చూడాలని 2024 నవంబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ సంస్థలకు చెప్పింది. డేటు చూసుకుని, తక్కువుంటే వెనక్కి పంపండి.

"ఫ్రోజెన్ బఠాణీల్లో ఏమీ ఉండదు." ఉంటుంది. కోసిన వెంటనే గడ్డకట్టిస్తారు కాబట్టి పోషకాలు బాగానే నిలుస్తాయి. ఫ్రోజెన్ నగ్గెట్స్, ఫ్రెంచ్ ఫ్రైస్ సంగతి వేరు.

"పది నిమిషాల్లో వస్తుంటే ఫ్రిజ్‌లో కూరగాయలు ఎందుకు?" రాత్రి ఎనిమిదికి ఆకలితో యాప్ తెరిచినవాళ్లు బీరకాయ తెప్పించి, చెక్కు తీసి వండరు. నూడుల్స్ తెప్పిస్తారు. అందుకే వారానికి సరిపడా కూరగాయలు ఒకేసారి తెప్పించి పెట్టుకోండి. ఆకుకూరలు మొదటి రెండు రోజుల్లో వండేయండి. బెండ, బీర, వంకాయ తర్వాత. క్యారెట్, క్యాబేజీ, గుమ్మడి వారం చివరికి ఉంచండి. డెలివరీ చార్జీ పడకుండా ఏదో ఒకటి వేయాల్సి వస్తే పెసలు, శనగలు, వేరుశనగలు వేయండి. అవి నెలల తరబడి పాడవవు.